చెల్లోకు చోటిచ్చే పని

మా నాన్న హోసూరు దగ్గరి మా ఊరు తళిలో రామభజన గుంపుకు హార్మోనియం వాయించేవాడు. శనివారం రాత్రి గుడి ముందర పది పన్నెండు మంది చేరేవాళ్ళు. ఒకాయన ముందు పాడితే తక్కినవాళ్ళు వెనక అందుకునేవాళ్ళు. నాకు పదేళ్ళు నిండాక ఒకరాత్రి ఆ పెట్టె నా ముందు పెట్టాడు. పాడే ప్రతి అక్షరానికీ నేనొక మెట్టు నొక్కుతూ పోయాను. భజన అయిందాకా ఏమీ అనలేదు. ఇంటికి నడిచే దారిలో చెప్పాడు: “పాడేవాడు నడిచేచోట నీ వేలు నిలవాల. వాడు నిలిచేచోట నీ వేలు నడవాల. వాడు ఊపిరి తీసుకొనే చోటు మాత్రం వాడిదే. దాన్ని తొక్కొద్దు నాయనా.”

యాభై ఏళ్ళ తర్వాత, ఫ్రాన్సు దేశపు పాటొకటి తిరగరాస్తూ కూచున్నప్పుడు ఆ మాట నాకు పనికొచ్చింది.

గాబ్రియేల్ ఫోరే అనే ఫ్రెంచి స్వరకర్త 1880లో చెల్లోకూ పియానోకూ కలిపి ‘ఎలెజీ’ అనే విషాద గీతం రాశాడు. ఏడు నిమిషాల పాట. చెల్లో నేర్చుకునేవాళ్ళు ఎప్పటికో ఒకప్పటికి దీని దగ్గరికి వస్తారు. దీన్ని తిరగరాయమని నన్ను అడిగిన అమ్మాయిది మా పక్క ఊరు. హోసూరులో ఉద్యోగం, ఆదివారాలు బెంగళూరు వెళ్ళి ఒక చిన్న తీగెవాద్యాల బృందంలో చెల్లో వాయిస్తుంది. ఎవరికీ అది జీతం పని కాదు, ఇష్టం కొద్దీ చేరినవాళ్ళు. “మామా, మా గుంపులో పియానో లేదు. ఫ్లూటు, క్లారినెట్ ఊదేవాళ్ళు లేరు. ఉన్న పద్నాలుగు మందితో జరిగేట్టు రాసిస్తావా?” అంది. సరేనన్నాను. ఆ పని నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నది సంగీతం తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పాలని ఉంది.

నొటేషన్ రాసే చెయ్యి

నేను స్వరకర్తను కాదు. మద్రాసులో సినిమా పాటల రికార్డింగులకు నొటేషన్ కాపీ రాసేవాణ్ణి. ఆ రోజుల్లో తెలుగు పాటైనా తమిళ పాటైనా అక్కడే రికార్డయ్యేది. అరేంజర్ రాసిన స్కోరులో అన్ని వాద్యాల వరుసలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వయొలిన్ వాయించేవాడికి అదంతా అక్కర్లేదు, తన వరుస చాలు. ఎవరి వరుస వాళ్ళకి విడదీసి, పొద్దున కాల్షీటు మొదలయ్యేలోగా చేత్తో రాసి స్టాండుల మీద పెట్టడం నా పని. ఒక్క గుర్తు తప్పితే నలభైమంది ఆగిపోతారు. అలా ఇతరులు రాసిన వేల పేజీలు నా చేతిమీదుగా పోయాయి. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక పెద్దాయన దగ్గర చెల్లో పట్టుకోవడం నేర్చుకున్నాను. తర్వాత కీబోర్డులు వచ్చి వయొలిన్ల గ్రూపులు చిన్నవైపోయాయి. నేను తళికి తిరిగొచ్చి తమ్ముడితో కలిసి గులాబీ తోట చూసుకుంటున్నాను. ఈ చలినేల పూలకు మంచిది. తెల్లదొరలు తళిని చిన్న ఇంగ్లండు అన్నారని ఇక్కడ పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇక్కడ కూచుని యూరపు సంగీతం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. తళి, హోసూరు చుట్టుపక్కల మా మొరసునాడులో పుట్టినవాడికి ఈ ప్రశ్న కొంచెం వింతగా ఉంటుంది. మేం ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. ఒకే పదం మూడు నోళ్ళలో మూడు తీర్లుగా పలకడం మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. మా నేలకు పడమటి పక్క మైసూరును ఏలిన జయచామరాజ ఒడయారు రష్యన్ స్వరకర్త మెట్నర్ సంగీతాన్ని రికార్డు చేయించడానికి డబ్బు పెట్టినవాడు. ఉత్తరాన బెంగళూరులో 1893లో పుట్టిన ద్వారం వెంకటస్వామి నాయుడు విశాఖలో పెరిగి, పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా గమనించి, ఆ నిండుదనాన్ని మన కచేరీ వయొలిన్‌లోకి తెచ్చారు. నా కాలంలో, 1986లో వచ్చిన ఇళయరాజా ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బంలో వయొలిన్ వాయించిన వి.ఎస్. నరసింహన్ ఆ తర్వాత మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టి, మన కీర్తనలను రెండు వయొలిన్లు, వియోలా, చెల్లోలకు అమర్చారు. వాళ్ళు అటునుంచి ఇటు నడిచిన దారిలోనే నేను ఇటునుంచి అటు నడిచాను.

నాలుగు తీగెలు, అయిదు వరుసలు

చెల్లో వయొలిన్ కుటుంబంలోదే. కానీ భుజం మీద ఆనేంత చిన్నది కాదు. కుర్చీలో కూచుని మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయిస్తారు. గొంతు మగవాడి మంద్రం దగ్గర మొదలై, ఆడవాళ్ళు పాడే ఎత్తు దాటి పోతుంది. మనిషి గొంతు తిరిగే చోట్లన్నీ తిరుగుతుంది కాబట్టే విన్నవాళ్ళకు ఎవరో తమతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

దానికి నాలుగు తీగెలు. ఒకటి శ్రుతిలో షడ్జం పెట్టుకుంటే కిందినుంచి వరుసగా స, ప, పై రి, పై ద. వేలు పెట్టకుండా కమాను లాగితే పలికేవి ఈ నాలుగూ. వీటిని ఖాళీ తీగెలు అందాం. వేలు పెట్టిన స్వరంకన్నా ఖాళీ తీగె ఎక్కువగా మోగుతుంది. దాన్ని వాయించకపోయినా పక్క తీగె మీద అదే స్వరం పలికితే తనూ కదులుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

తీగెవాద్యాల ఆర్కెస్ట్రాలో అయిదు వరుసలుంటాయి. మొదటి వయొలిన్లు, రెండో వయొలిన్లు, వియోలాలు, చెల్లోలు, డబుల్ బాస్. అమ్మాయి బృందంలో నలుగురు, నలుగురు, ముగ్గురు, ఇద్దరు, ఒక్కరు. వీళ్ళ ముందు తను. భజనలో ముందు పాడేవాడు, వెనక అందుకునేవాళ్ళు లాంటిదే ఈ ఏర్పాటు. ఒక్క తేడా ఉంది. ఇక్కడ వెనకవాళ్ళు ఏం చెయ్యాలో, ఎక్కడ ఊరుకోవాలో ముందే కాగితం మీద రాయాలి. అదే అరేంజ్‌మెంట్.

చైకోవ్‌స్కీ దగ్గర పాఠం

పని మొదలుపెట్టే ముందు, ఇదివరకు చేసినవాళ్ళు ఎలా చేశారో చూశాను. నాకు గురువుగా దొరికినవాడు రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ.

1869లో ఆయన ఉక్రెయిన్‌లోని కామెంకాలో చెల్లెలి ఇంట్లో ఉండగా, అక్కడ పనిచేసే మనిషి ఒకడు పాడుకుంటున్న జానపదం చెవిన పడింది. రాసిపెట్టుకున్నాడు. 1871లో తన మొదటి స్ట్రింగ్ క్వార్టెట్‌లో, అంటే నాలుగు తీగెవాద్యాల రచనలో, రెండో భాగంగా దాన్ని వాడాడు. అదే ‘ఆందాంతే కాంతాబిలే’. నెమ్మదిగా, పాడుతున్నట్టుగా అని ఆ మాటకు అర్థం. 1876 డిసెంబరులో మాస్కో సంగీత విద్యాలయంలో దాన్ని వాయిస్తుంటే, పక్కన కూచున్న రచయిత టాల్‌స్టాయ్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ సంగతి చైకోవ్‌స్కీ చాలా ఏళ్ళ తర్వాత తన డైరీలో తలుచుకున్నాడు.

1888లో ఆయనే ఆ పాటను చెల్లోకూ తీగెవాద్యాల ఆర్కెస్ట్రాకూ మార్చాడు. ఆ ఏడాది పారిస్‌లో బ్రాండుకోవ్ అనే చెల్లో విద్వాంసుడు వాయించాడు. క్వార్టెట్‌లో పాట ఎక్కువగా మొదటి వయొలిన్ నోట ఉండేది. దాన్ని చెల్లోకు ఇచ్చాడు. దాంతోపాటు శ్రుతి కూడా అరమెట్టు పెంచాడు. మన లెక్కలో చెబితే ఆరున్నర శ్రుతి శంకరాభరణాన్ని ఏడు శ్రుతికి తెచ్చాడు.

అరమెట్టేగా అనిపిస్తుంది. చెల్లో ముందు కూచుని రెండు శ్రుతుల్లోనూ వాయించి చూశాను. ఆరున్నర శ్రుతి శంకరాభరణంలో చెల్లో ఖాళీ తీగెలు నాలుగూ రాగంలోని స్వరాలే. ఏడు శ్రుతికి వచ్చేసరికి ఆ నాలుగింటిలో ఒక్కటీ రాగంలో లేదు. ప్రతి స్వరమూ వేలికింద పుట్టాల్సిందే. ఖాళీ తీగె గణగణ ఎక్కడా వినబడదు. గొంతు కొంచెం ముసుగేసుకున్నట్టు, తలుపవతల ఎవరో పాడుతున్నట్టు ఉంటుంది. మధ్యలో ఇంకో పాట వస్తుంది. కింద తీగెలు మీటుతూ ఉంటే దానిమీద నడిచే పాట. క్వార్టెట్‌లో అది ఒకటిన్నర శ్రుతిలో ఉండేది. అరమెట్టు పెరిగి రెండు శ్రుతి అయింది. రెండు శ్రుతిలో రి, ప, ద తీగెలు మూడూ రాగంలోకి వచ్చేస్తాయి. అందాకా మూసి ఉన్న ఇంట్లో కిటికీ తెరిచినట్టు ఉంటుంది.

ఒక పనివాడి నోటిపాట క్వార్టెట్‌లోకి, అక్కణ్ణించి చెల్లోలోకి వచ్చింది. వచ్చిన ప్రతిసారీ కొత్త నోటికి తగ్గట్టు దాన్ని సర్దారు. స్వరాలు ఎత్తి రాస్తే కాపీ అవుతుంది. ఆ నేర్పు నాకు ముందే ఉంది. నేను నేర్చుకోవాల్సింది ఈ సర్దుబాటు.

ఎలెజీ శ్రుతి మాత్రం మార్చలేదు. అది ఒకటి శ్రుతిలో ఉంది. నఠభైరవి, కీరవాణి ఛాయల్లో తిరుగుతుంది. చెల్లోకు కింది రెండు ఖాళీ తీగెలూ సరిగ్గా స, ప. అంటే ఆ వాద్యం తన తంబురాను తనలోనే పెట్టుకుని ఏడుస్తుంది. దాన్ని కదిపితే పాపం.

తరిగే నాదం, తరగని నాదం

19వ శతాబ్దపు యూరపు సంగీతాన్ని రొమాంటిక్ సంగీతం అంటారు. మనకు భావకవిత్వం ఎలాగో వాళ్ళకు అది అలాగ. మనసులోని బరువును దాచకుండా బయట పెట్టడమే దాని తీరు. ఎలెజీ అలాంటిదే. చెల్లో మొదటి మాటనే గట్టిగా, గుండె బాదుకున్నట్టు అంటుంది. వెంటనే అదే మాటను చాలా మెల్లగా, తనలో తను మళ్ళీ అంటుంది. వీటి కింద పియానో ఒకే అడుగుతో స్వరగుచ్ఛాలను కొడుతూ పోతుంది. మూడు నాలుగు స్వరాలు ఒక్కసారే పలికితే స్వరగుచ్ఛం. మద్రాసులో మేం కార్డ్స్ అనేవాళ్ళం. వింటుంటే పాడె వెనక నడిచేవాళ్ళ అడుగులు గుర్తొస్తాయి.

నా మొదటి రాత చాలా సులువుగా అయిపోయింది. పియానో కుడిచేతి స్వరాలు వయొలిన్లకు, వియోలాలకు పంచాను. ఎడమచేతి స్వరాలు చెల్లోలకు, బాస్‌కు ఇచ్చాను. కంప్యూటర్‌లో ఎక్కించి ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ముచ్చటగా ఉంది. ఆదివారం బృందం ముందు పెట్టాం. నాలుగు గీతలు, అంటే తాళపు నాలుగు ఆవర్తాలు, వాయించేసరికి అమ్మాయి చెల్లో మాయమైపోయింది. ఎంత నొక్కినా వినబడలేదు. పద్నాలుగు మందీ కలిసి ఆమె మీద తడి దుప్పటి కప్పినట్టయింది.

తప్పు వాళ్ళది కాదు. ఎవరి కాగితం మీద ఉన్నది వాళ్ళు చక్కగా వాయించారు. తప్పు నా రాతలో ఉంది. రాత్రంతా ఆలోచిస్తే రెండు కారణాలు తేలాయి.

మొదటిది నాదం పుట్టుకలోనే ఉంది. పియానో మెట్టు నొక్కితే లోపల సుత్తి తీగెను కొడుతుంది. కొట్టిన క్షణం నుంచీ ఆ నాదం తరుగుతూ పోతుంది, గుడిగంట లాగా. రెండు దెబ్బల నడుమ కొంచెం ఖాళీ మిగులుతుంది. ఫోరే పాట ఆ ఖాళీల్లోంచే వినబడుతుంది. కమాను నాదానికి ఆ గుణం లేదు. చెయ్యి లాగినంతసేపూ నిలుస్తుంది, కావాలంటే పెరుగుతుంది కూడా. పియానో స్వరాలు యథాతథంగా కమానుకు ఇచ్చేసరికి ఖాళీలన్నీ పూడిపోయాయి.

రెండోది చోటు. పాట నడిచే ఎత్తులోనే వియోలాలూ రెండో వయొలిన్ల కింది తీగెలూ ఉంటాయి. ఒకే గదిలో ఒకే ఎత్తు గొంతుతో పదిమంది మాట్లాడితే ఎవరి మాటా తెలియదు. కంప్యూటర్ ఈ తగువును చూపించదు. అందులో చెల్లోకు ఎంత గొంతు ఇస్తే అంత వినిపిస్తుంది. మనుషుల ముందు పెట్టినప్పుడే నిజం తెలుస్తుంది.

రెండోసారి అందరినీ కమాను పక్కన పెట్టి వేళ్ళతో మీటమన్నాను. మీటితే నాదం పియానోలాగే పుట్టగానే తరుగుతుంది కదా అని నా లెక్క. చెల్లో స్పష్టంగా వినబడింది కానీ దుఃఖం పోయింది. ఎండిన చింతకాయలు గలగలలాడినట్టు ఉంది. పాడె వెనక అలా ఎవరూ నడవరు.

మూడోసారి పనులు విడదీశాను. డబుల్ బాస్ ఒక్కటే ప్రతి గీతలో మొదటి అడుగును మీటుతుంది. అది దెబ్బ. చెల్లోలు ఇద్దరూ కింద ఒక్క స్వరాన్ని పొడుగ్గా, చాలా మెల్లగా పట్టుకుంటారు. అది తంబురా. నడక వియోలాలదీ రెండో వయొలిన్లదీ. వాళ్ళు కమానును తీగెమీంచి ఎత్తకుండా, ఒక్క లాగుడులోనే నాలుగు స్వరాలు పలికిస్తారు. ఒక్కోదాన్ని చిన్నగా నొక్కి వెంటనే వదిలేస్తారు. నొక్కినప్పుడు అడుగు వినిపిస్తుంది, వదిలినప్పుడు ఖాళీ మిగులుతుంది. తీగె మీద కమాను ఉంటూనే నాదం తరుగుతుంది. పియానోనుంచి తేవాల్సింది ఆ తరుగుదలనే. దాని స్వరాలు తేవడం ఎవరికైనా చేతనవుతుంది.

మొదటి వయొలిన్లకు మొదటి పేజీలో ఏమీ రాయలేదు. చెల్లో మొదటి మాట మళ్ళీ మెల్లగా అనేచోట స్వరగుచ్ఛాల్లోంచి ఇంకో స్వరం కూడా తీసేశాను. పాటలో ఉన్న స్వరాన్ని కింద ఇంకొకరు పలకక్కర్లేదు. ఉన్నది చాలు.

మధ్యలో పాడేదెవరు

ఎలెజీ మధ్యలో దుఃఖం ఒక్కసారి పక్కకు జరుగుతుంది. శుద్ధ ధైవతాన్ని కొత్త షడ్జంగా పట్టుకుని పాట శంకరాభరణంలోకి వెళ్తుంది. గ్రహభేదం విన్నవాళ్ళకు ఆ అనుభూతి తెలిసే ఉంటుంది. నేల అదే, నిలబడిన చోటు మారుతుంది. ఇక్కడ కొత్త పాటను ముందు పియానో పాడుతుంది. చెల్లో విని, తర్వాత జవాబు చెబుతుంది. ఫోరే కూడా ఈ గీతాన్ని పూర్తి ఆర్కెస్ట్రాకు తిరగరాశాడు. అది 1901 ఏప్రిల్‌లో పారిస్‌లో వినిపించింది. ఆయనే బృందాన్ని నడిపించాడు. చెల్లో వాయించింది అప్పటికి ఇరవై నాలుగేళ్ళ పాబ్లో కసాల్స్. ఆ స్కోరులో ఇలాంటి చోట్లకు ఊదే వాద్యాలున్నాయి. నాకు లేవు.

మొదట మొదటి వయొలిన్లకు ఇచ్చి చూశాను. మెరుపు ఎక్కువైంది. పెళ్ళి ఊరేగింపు దారి తప్పి వచ్చినట్టుంది. తర్వాత వియోలాలు ముగ్గురికీ ఇచ్చాను. బాగుంది కానీ గుంపు గొంతులా వినిపించింది. ఒకే పాటను ముగ్గురు పలికితే ముగ్గురి వేళ్ళ మధ్య వెంట్రుకవాసి తేడాలు కలిసి నాదం మీద ఒక నూగు పరుచుకుంటుంది. గుంపుకు అది అందం. ఓదార్చే మాటకు పనికిరాదు. బిడ్డ పోయిన ఇంటికి వెళ్ళి ముగ్గురు ఒకే మాటను ఒకేసారి అనరు కదా. చివరికి ఒక్క వియోలాకే ఇచ్చాను. వియోలా తీగెలూ స, ప, రి, ద క్రమంలోనే ఉంటాయి, చెల్లోకన్నా ఒక స్థాయి పైన. తోడబుట్టినవాళ్ళ గొంతులు. ఒకరు చెబుతుంటే ఒకరు వినేటప్పుడు ఆ పోలిక వినిపించాలి.

ఆ తర్వాత వచ్చేది తుఫాను. చెల్లో గబగబా పైకి ఎగబాకి, మొదటి మాటను పై స్థాయిలో, శక్తి అంతా పెట్టి మళ్ళీ అంటుంది. కింద పియానో రెండు చేతులా స్వరాలు చిమ్ముతుంది. ఇక్కడ నాకు భయం లేదు. ఆ ఎత్తులో చెల్లో గొంతు ఎవరినైనా చీల్చుకుని వస్తుంది. అందుకే పద్నాలుగు మందికీ చేతినిండా పని ఇచ్చాను. పియానో కిందినుంచి పైకి తీసే స్వరాల అలను వియోలా మొదలుపెడితే రెండో వయొలిన్ అందుకుంటుంది, మొదటి వయొలిన్ ముగిస్తుంది. మా పొలాల్లో రాగి కోతల కాలాన జవళగిరి అడవినుంచి ఏనుగులు దిగితే ఒక మంచె మీదివాడు కేకేస్తాడు. వాడి కేక ఆగకముందే పక్క మంచె మీదివాడు అందుకుంటాడు. చీకట్లో కేక ఒకటే పరిగెత్తినట్టుంటుంది. ఆ అతుకు తెలియకుండా రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఒకరి చివరి స్వరం, ఇంకొకరి మొదటి స్వరం ఒకటే అయితే అతుకు కనబడదు. మంచెల మీదివాళ్ళు చేసేదీ అదే.

కాగితం పని

స్కోరు అయ్యాక నా పాత పని మొదలైంది. ఎవరి వరుస వాళ్ళకి విడదీయడం. ఇది చిన్న పని అనుకుంటారు. కచేరీలు చాలాసార్లు చెడేది ఇక్కడే.

వయొలిన్లవాళ్ళు ఇద్దరికొక స్టాండు. పేజీ తిప్పేది లోపలివైపు కూచున్నవాళ్ళు. తిప్పేటప్పుడు వాళ్ళు వాయించలేరు, అంటే నాదం సగమవుతుంది. కాబట్టి పేజీ చివర ఖాళీ గీతలు వచ్చేలా సర్దాలి. లేదంటే నాదం తగ్గినా ఫర్వాలేని చోటు రావాలి. డబుల్ బాస్‌కు రాసిన స్వరం ఒక స్థాయి కిందికి మోగుతుంది. ఇది మర్చిపోయి రాస్తే కింద బురద అవుతుంది. కమాను కిందికి లాగే చోటుకూ పైకి నెట్టే చోటుకూ వేరు వేరు గుర్తులు. నలుగురి చేతులు నాలుగు వైపులా పోతే చూడ్డానికే కాదు, వినడానికీ బాగుండదు. కిందికి లాగే కమానుకు సహజంగా బరువుంటుంది, పైకి నెట్టేదానికి తేలిక ఉంటుంది. మెల్లగా మొదలవ్వాల్సిన మాటలన్నిటికీ పైకి నెట్టే గుర్తు పెట్టాను. పది గీతలు ఊరికే కూచున్నవాడికి తిరిగి ఎప్పుడు రావాలో తెలియాలి. అందుకు వాడి కాగితం మీద చెల్లో పాట చివరి ముక్కను చిన్న అక్షరాల్లో రాసిపెట్టాను. ఆ ముక్క వినగానే సిద్ధమవుతాడు.

హక్కుల సంగతి కూడా చెప్పాలి, చాలామంది అడుగుతారు. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. ఫోరే 1924లో పోయాడు. ఆయన పాటను ఎవరైనా అమర్చుకోవచ్చు. ఇప్పటివాళ్ళ పాటైతే అడిగి, ఒప్పుకున్నాకే కలం పట్టాలి.

ఖాళీ గీతలు

నాలుగో నెల చివరి ఆదివారం. రాసిన కాగితాలు తీసుకుని పొద్దున్నే డెంకణికోట మీదుగా బెంగళూరుకు బస్సెక్కాను. బృందం పిల్లలు స్టాండులు సర్దుకుంటున్నారు. అమ్మాయి చెల్లో శ్రుతి చేసుకుని నావైపు చూసింది. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. స్కోరు చేతిలో ఉన్నా చూడలేదు.

బాస్ తీగె మీటారు. నడక మొదలైంది. అమ్మాయి మొదటి మాట గట్టిగా అంది. గది చివరిదాకా వచ్చింది. రెండోసారి మెల్లగా అనేచోట ఆమె కమాను దాదాపు ఆగిపోయేంత నెమ్మదించింది. కాగితం మీద లేని నెమ్మది అది. ఆ క్షణంలో పుట్టింది. నా గుండె ఆగింది. పద్నాలుగు మందిలో ఒక్కరు తమ లెక్కలో తాము పోయినా అంతా చెదిరిపోతుంది. కానీ ఆ మాట చివర ఆమె ఊపిరికని వదిలిన చోట నేను తక్కినవాళ్ళకు ఏమీ రాయలేదు. కిందపట్టు స్వరం పట్టుకున్న ఇద్దరు చెల్లోలవాళ్ళు తప్ప అందరూ ఊరికే ఉన్నారు. ఆమె తీసుకోవాల్సినంత సేపు ఊపిరి తీసుకుంది. అందరూ ఆగారు. మళ్ళీ నడిచారు.

అయ్యాక మొదటి వయొలిన్లలో అందరికన్నా చిన్నపిల్ల నా దగ్గరికొచ్చింది. కాలేజీ చదువుతుంది.

“అంకుల్, మొదటి పేజీలో నాకు వరుసగా ఖాళీ గీతలే ఇచ్చారు. ముందు బాధపడ్డాను. ఇన్నాళ్ళూ అక్కను పక్కన కూచుని చూస్తున్నాను కానీ ఆమె వాయించేది మొత్తంగా ఇవాళే విన్నాను” అంది.

నొటేషన్‌లో నిశ్శబ్దానికీ గుర్తులుంటాయి. పొడుగు నిశ్శబ్దానికి ఒకటి, పొట్టిదానికి ఒకటి. మద్రాసులో ఆ గుర్తులను వేలసార్లు రాశాను. స్వరాలు లేనిచోట పెట్టే గుర్తులే కదా అని చెయ్యి గబగబా పోయేది. ఆ పిల్ల కాగితంలో వాటిని ఒక్కొక్కటీ ఆలోచించి పెట్టాను, ఒక్కోదాని వెనక తీసేసిన స్వరం ఏదో నాకు తెలుసు.

సాయంత్రం తళి చేరేసరికి శనివారం కాకపోయినా గుడి ముందర ఎవరో ఇద్దరు తాళాలు తీసుకుని కూచున్నారు. హార్మోనియం పెట్టె అరుగు మీద ఉంది. వెళ్ళి కూచున్నాను. వాళ్ళలో పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. నేను షడ్జం మీద వేలు పెట్టి, ఆయన నిలిచేదాకా కదపలేదు.